దిగుడు లేని గుట్టలు

జువ్వలదిన్నె ఐసు ఫ్యాక్టరీలో
రాత్రి రెండింటికి
మలకొండయ్య నన్నడిగాడు:
"అన్నిటికంటే చల్లన యాడుంటది సారూ?"

రోహిణి కార్తె. బయట ఇసుక ఇంకా సెగ కక్కుతోంది.
లోపల ఉప్పునీళ్ళ తొట్టిలో మూడొందల డబ్బాలు
సగం తెల్లబడి ఆగిపోయాయి.
కావలి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకునే నేను
బావమరిది బోటుకు ఐసు కోసం వచ్చి
కరెంటు పోయి ఇరుక్కున్నాను.

"నీ తొట్టిలో మైనస్ పది.
మైనస్ రెండొందల డెబ్బైమూడు దగ్గర
మెట్లయిపోతాయి, కిందికి ఇంకేం లేదు.
ఆ ఆఖరి మెట్టుకు వెంట్రుకవాసి పైన
అణువుల్ని నిలబెట్టారు."

"ఏ అణువుల్ని?"
"మొదట్లో నీ గొట్టాల్లో తిరిగేదాన్నే. అమోనియాని."

అతను నవ్వలేదు.
ఎడమ కంటి కింద మచ్చ తడుముకున్నాడు.
నాలుగేళ్ళ కిందట వాల్వు పగిలిన రాత్రి
తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని
పాకుతూ పోయి చక్రం తిప్పింది అతనే.
"అది నిలబడే రకం కాదు సారూ.
దాని వాసన నాకంటే ముందు మా ఇంటికి పోతాది."

నిజమే.
ఒక నత్రజని, మూడు ఉదజనులు,
మూడే పుల్లల బుల్లి గొడుగు.
ఈదురుగాలికి తిరగబడినట్టు
సెకనుకు రెండువేల నాలుగొందల కోట్ల సార్లు
అటూ ఇటూ తిరగబడుతూనే ఉంటుంది.
ఎక్కి దూకే సత్తువ లేని గోడని
గోడలోంచే దాటుతుంది.
ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద గీస్తున్నా.
ఎందుకని ఒక్కరూ అడగలేదు,
రెండు మార్కులే గనక.

"మరి ఎట్టా ఆపినారు?"

ఐసు పొడి మీద వేలితో గుట్టలు గీశాను.
కంటికి కనబడని గుట్టలు, కరెంటుతో పోసినవి.
అణువు ఉరికొస్తుంది, ఎక్కుతుంది, రొప్పుతుంది.
కొసకు చేరేసరికి
గుట్టను కిందనుంచి లాగేస్తారు.
దిగుడులో తిరిగి రావలసిన పరుగు
ఇక రాదు.
ముందు ఇంకో గుట్ట. మళ్ళీ ఎక్కు.
వంద గుట్టలయ్యాక
తుపాకి గుండులా వచ్చింది
దోసిట్లో నిలబడుతుంది.

ఆ గీతలు కరిగిపోయేదాకా
చూస్తూ కూర్చున్నాడు మలకొండయ్య.
"ఎక్కుడే గాని దిగుడు లేదు.
మా కూలి లెక్కా ఇంతేగందా!"
అని, ఈసారి నవ్వాడు.

నిలబెట్టి ఏం చేస్తారంటే, చూస్తారు.
రెండు అణువులు తారసపడితే ఏమవుతుందో.
వేడిలో అది చేపల పాట దగ్గర తోపులాట,
ఎవరు ఎవర్ని తోశారో తేలదు.
చలిలో అట్లా కాదు.

"రెండు తెప్పలనుకో.
ఒక్కోదాంట్లో మనూరోడొకడు, ఇస్కపల్లోడొకడు.
నడిసంద్రంలో తెప్పలు ఆనుకుంటాయి.
విడిపోయేసరికి ఒకదాంట్లో ఇద్దరూ మనోళ్ళే,
ఇంకోదాంట్లో ఇద్దరూ వాళ్ళే.
పొటాషియం పొటాషియంతో, రుబీడియం రుబీడియంతో.
మధ్యలో నలుగురూ ఒకే తెప్పగా ఉన్న ఘడియ
ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు.
చలి దాన్ని కాస్త సాగదీసింది."

"అప్పుడు వాళ్ళేం మాట్టాడుకుంటారు?"

నాకు తెలీదన్నాను.
పూర్తిగా ఎవరికీ ఇంకా తెలీదన్నాను.
పేపరు దిద్దేటప్పుడు ఎప్పుడూ తగలని ప్రశ్న,
తేమకు మెత్తబడ్డ సిగరెట్ పెట్టె మీద రాసుకున్నాను.

ఇంకోటి కూడా చెప్పబోయాను:
మరీ చల్లబడితే అది చుక్కలా ఉండదనీ,
అలలా పరుచుకుంటుందనీ,
ఇదిగో ఇక్కడని వేలు పెట్టి చూపలేమనీ.
"అల" అనేసరికి కరెంటొచ్చింది.

కంప్రెసరు దగ్గి, గొంతు సవరించుకుని, హోరెత్తింది.
డబ్బాల్లో తెలుపు మళ్ళీ కదిలింది.
మలకొండయ్య లేచి
గొట్టం అతుకు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు,
ప్రతి రాత్రీ చూసేట్టే,
ఈ రాత్రి కాస్త ఎక్కువసేపు.
అరచేత్తో గొట్టాన్ని తట్టి
అడుగుతున్నాడు, నాకు వినబడదనుకుని:

"ఏందే, ఇంకా తిరగబడతానే ఉండావా?"